ఎవరి బిడ్డవి?

జేబులో కార్డు ఉందా? ఇంకోసారి తడిమి చూసుకోండి. ఉంది. సరే, తలుపు తోయండి.

లోపల మసక. షికాగోలో శనివారం రాత్రి తొమ్మిది దాటింది. ఇదొక అద్దె హాలు. పగలైతే ఇక్కడ ట్యూబులైట్లు, ప్లాస్టిక్ కుర్చీలు. ఇప్పుడు ఆ లైట్లన్నీ ఆర్పేసి మూలకొక టేబుల్ ల్యాంపు పెట్టారు. ల్యాంపుల మీద ఎర్ర గుడ్డ కప్పారు. గోడలకు పాత పెయింటింగుల పోస్టర్లు. ఆట లెక్కలో ఇది హాలు కాదు, ఆర్ట్ గ్యాలరీ. ముప్ఫై మంది దాకా నిలబడి ఉన్నారు. సూట్లు, పొడుగు గౌన్లు, తోలు జాకెట్లు. చేతుల్లో గ్లాసులు, వాటిలో ఎర్రటి పండ్లరసం. తాగి ఆడకూడదన్నది నియమం కాబట్టి మద్యం లేదు.

మీరు గడప దాటగానే ముగ్గురు తల తిప్పి చూశారు. వాళ్లు చూసింది మీ మొహాన్ని కాదు, మీ పక్కన ఎవరున్నారా అని. ఎవరూ లేరు. తలలు వెనక్కి తిరిగిపోయాయి.

ఈ ఊళ్లో మీకు పడిన మొదటి మార్కు అదే. సున్నా.

కార్డు తీసి చూసుకోవాలనిపిస్తోంది కదూ? చూడండి, త్వరగా. వంశం: బ్రూహా. తరం: పదమూడు. హోదా: నియోనేట్, అంటే నిన్నగాక మొన్న చచ్చి రక్తం తాగడం మొదలుపెట్టిన పిల్ల. కింద మీ బలాబలాల చిట్టా. దీంతోనే ఈ రాత్రి నెగ్గుకురావాలి. ఆట పేరు 'వాంపైర్: ది మాస్కరేడ్'. మార్క్ రైన్-హాగెన్ రూపకల్పనలో అమెరికాకు చెందిన వైట్ వోల్ఫ్ సంస్థ 1991లో విడుదల చేసింది. మొదట్లో టేబుల్ చుట్టూ కూచుని పది ముఖాల పాచికలు వేసి ఆడేవాళ్లు. 1993లో 'మైండ్స్ ఐ థియేటర్' పేరుతో వేషం కట్టి, నడుస్తూ, మాట్లాడుతూ ఆడే పద్ధతి వచ్చింది. మీరిప్పుడు నిలబడి ఉన్నది దాని మధ్యలోనే. ఇక్కడ పాచికలు లేవు. గెలిచినా ఓడినా చాలావరకు నోటితోనే.

పదమూడో తరం అంటే ఏమంత తక్కువా అంటారా? ఈ ఆటలో మొదటి రక్తపిశాచి బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను. అతన్నుంచి ఒక్కో తరానికి ఒక్కో మెట్టు దిగుతూ వస్తుంది. మెట్టు దిగేకొద్దీ రక్తం పలచబడుతుంది. ఎదురుగా కుర్చీలో ఉన్న ప్రిన్స్‌ది, అంటే ఈ ఊరి ఏలికది, ఎనిమిదో మెట్టు. అతను మీ కళ్లలోకి చూసి ఒక్క మాట అంటే మీ బుర్ర అతని చెప్పుచేతల్లోకి పోతుంది. అదే మాట మీరు అతన్ని అంటే ఏమీ కాదు.

కార్డుకు గుచ్చిన చీటీ కూడా చదవండి. తలుపు బయట స్టోరీటెల్లర్ ఇచ్చింది అదే. ఆట నడిపేది, తీర్పు చెప్పేది అతనే. "మూడు రాత్రుల కిందట, వికర్ పార్కులో ఒక బార్ వెనక సందు. ఆకలికి ఆగలేకపోయారు. ఒక మనిషి మెడ కొరికారు. సందు చివర ఎవరో ఫోను పైకెత్తి పట్టుకున్నారు."

మీ అరచేతిలో చెమట. కార్డు జేబులో పెట్టేయండి. ఎవరో మిమ్మల్నే చూస్తున్నారు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

ఎడమవైపు ఆకుపచ్చ గౌనులో ఒకావిడ. చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు. మిమ్మల్ని చూసి నవ్వింది, రమ్మన్నట్టు తలూపింది. తలుపు పక్కనే పాత తోలు జాకెట్లో జుట్టు నెరిసిన మరొకావిడ గోడకానుకుని నిలబడింది. ఆమె మీ వంక చూడనైనా లేదు. కుడివైపు స్తంభం దగ్గర ఒకతను రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని ఉన్నాడు. మీరు హలో అనబోయారు. అనకండి. చేతులు అలా కట్టుకుంటే అతను మాయమైపోయినట్టు లెక్క. ఆబ్‌ఫస్కేట్ అనే విద్య అది. మీకు కనబడుతున్నాడు గానీ మీ పాత్రకు కనబడడు. అతను మాత్రం అందరి మాటలూ వింటున్నాడు.

నవ్విన ఆవిడ వైపే కాళ్లు లాగుతున్నాయి. వద్దు. కామరిల్లా అనే ఈ వాంపైర్ల సమాజానికి ఆరు సంప్రదాయాలు ఉన్నాయి. ఐదోది ఆతిథ్యం: కొత్త ఊరికి వచ్చినవాళ్లు ముందు ఆ ఊరి ఏలికకు కనబడాలి. ఆయన గుర్తించేదాకా మీరు ఎవరూ కాదు. వేటాడే హక్కు కూడా లేదు.

మరి వికర్ పార్కులో మీరు చేసిందేమిటి?

ఆ సంగతి తర్వాత. ముందు కుర్చీ వైపు నడవండి.

ప్రిన్స్ ఇద్దరితో మాట్లాడుతున్నాడు. మధ్యలో దూరొద్దు. దగ్గడాలు గిగ్గడాలు వద్దు. ఆయనకు కనబడే చోట నిలబడండి, చేతులు రెండూ బయటికి కనబడేట్టు. ఎలీసియంలో ఆయుధం ఉండకూడదు, కొట్లాట ఉండకూడదు. ఎలీసియం అంటే ప్రిన్స్ ప్రకటించిన శాంతి స్థలం. మ్యూజియమో, థియేటరో, ఇలాంటి గ్యాలరీయో చూసి పెడతారు. వందల ఏళ్లు బతికినవాళ్లు తమకిష్టమైన వస్తువుల మధ్య చెయ్యి ఎత్తడానికి జంకుతారని.

నిలబడ్డారు. ఎవరూ పట్టించుకోరు. ఇంకా నిలబడండి. ఇది కూడా పరీక్షే. ఎంతసేపు నిలబెట్టాడన్నది గదిలో ప్రతివాళ్లూ లెక్కేసుకుంటున్నారు.

షికాగో కుర్చీకి పేరుంది. 1991లో వచ్చిన 'షికాగో బై నైట్' పుస్తకంలో ఆ కుర్చీలో కూచున్నది లోడిన్. ఐదో ఎడిషన్ కాలానికి కెవిన్ జాక్సన్. ఇద్దరిదీ వెంట్రూ వంశమే. పాలించడానికే పుట్టామనుకునే వంశం అది. ఈ రాత్రి ఇక్కడ కూచున్న పాత్రదీ అదే. బ్రూహాలంటే వాళ్లకు గిట్టదు. పాత పగ. పెద్దల మీద పిల్లలు తిరగబడ్డప్పుడు ముందు నిలిచినవాళ్లలో బ్రూహాలున్నారు. 1493లో ఇంగ్లండ్‌లోని థార్న్స్‌లో జరిగిన ఒడంబడికతో ఆ తిరుగుబాటు ముగిసిందని ఆట చరిత్ర చెబుతుంది. ఐదు వందల ఏళ్ల నాటి మాట. ఈ గదిలో అందరికీ అది నిన్నటి మాటే.

చివరికి ప్రిన్స్ తలెత్తాడు.

"ఎవరి బిడ్డవి?"

పేరు అడగలేదు, ఊరడగలేదు. మీరు మిమ్మల్ని కరిచి ఇలా చేసిన సైర్ పేరు చెప్పారు. గదిలో గుసగుస. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మీ సైర్ మిల్వాకీలో పెద్ద బాకీ ఎగ్గొట్టి రాత్రికి రాత్రి మాయమైన మనిషి. ఆ సంగతి మీ కార్డులోనే ఉంది. మీరే సరిగ్గా చదవలేదు.

ఇప్పుడేం చేస్తారు? ఆయన్ని వెనకేసుకొస్తే ఆయన అప్పు మీ మెడకు చుట్టుకుంటుంది. ఆయన్ని తిడితే కన్నవాణ్ణే తిట్టిన మనిషవుతారు. క్షమించమంటే చేయని తప్పు ఒప్పుకున్నట్టు.

"ఆయన నన్ను వదిలేసి వెళ్లాడు ప్రభూ. నా లెక్క నాది."

ప్రిన్స్ గ్లాసు కింద పెట్టాడు. మీ మొహంలోకి చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

"గుర్తించాను."

పక్కనున్న సహాయకుడు మీ కార్డు తీసుకుని దాని మీద ఒకే ఒక్క మాట రాశాడు: అక్నాలెడ్జ్‌డ్. గుర్తింపు పొందిన వ్యక్తి. అంతే, మీ పరపతి అదే. ఈ పద్ధతిలో పరువుకు అంకెలు లేవు, విశేషణాలు ఉన్నాయి. పక్కవాళ్ల కార్డుల మీద ఏముందో విన్నారా? రెస్పెక్టెడ్. ఫియర్డ్. ఫాల్ట్‌లెస్. ట్రస్ట్‌వర్తీ. ఒక్కో మాట ఒక్కో మెట్టు. కుర్చీలో కూచున్నందుకు ప్రిన్స్‌కు అదనంగా మూడు మాటలు. కుర్చీ పోతే ఆ మాటలూ పోతాయి. ఈ ఆటలో నాకు బాగా నచ్చినది ఇదే. కండబలం మీ కార్డులో మీరే రాసుకోవచ్చు. ఈ మాటలు మాత్రం ఎదుటివాడు రాయాలి. కోపమొస్తే వాడే కొట్టేస్తాడు.

ఇక నవ్విన ఆవిడ దగ్గరికి వెళ్లొచ్చు.

ఆమె హార్పీ, అంటే ఊళ్లో ఎవరి పరువు ఎంతో తేల్చే మనిషి. ఆ పదవికి సైన్యం లేదు, కత్తి లేదు. టోరియాడోర్ వంశం. కళలంటే, అందమంటే పడిచచ్చే వంశం. ఆమె మీ బట్టలు పైనుంచి కిందికి చూసింది. చూపు బూట్ల దగ్గర ఆగింది. మీ బూట్లకు మట్టి ఉంది.

"ప్రభువు వెనక ఉన్న ఆ పెయింటింగు ఎలా ఉంది?"

జాగ్రత్త. అద్భుతమంటే భజన చేస్తున్నారని ఊరంతా చెబుతుంది. బాగాలేదంటే అది ప్రిన్స్ తెప్పించిందని అప్పుడు చెబుతుంది. "రంగుల సంగతి నాకు తెలీదండీ, మీరు చెబితే నేర్చుకుంటాను" అన్నారు. ఆమె కనుబొమ్మ కాస్త పైకి లేచింది. బతికిపోయారు.

ఆమె పుస్తకం తెరిచే ఉంది. ల్యాంపు వెలుగు పేజీ మీద పడుతోంది. తల వంచకుండా కళ్లు మాత్రం దించి చూడండి. మూడు గళ్లు. ఎవరు, ఎవరికి, ఎంత. నీలం సిరా, చిన్న చిన్న అక్షరాలు. కొన్ని వరసలు అడ్డగీత కొట్టి ఉన్నాయి, తీరిపోయిన బాకీలన్నమాట. ఎందుకు అన్న గడి లేదు. కారణంతో హార్పీకి పనిలేదు.

మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం గుర్తుందా? ఎవరు ఎంత చదివించారో రాసి, రేపు వాళ్లింట్లో పెళ్లికి అంతకు తక్కువ కాకుండా తిరిగి చదివించడం? ఇదీ అదే పద్దు. కాకపోతే ఇక్కడ చదివించేది డబ్బు కాదు, సాయం. దాన్నే బూన్ అంటారు. చావులేని వాళ్లకు డబ్బుతో ఏం పని? నాలుగు వందల ఏళ్లు బతికినవాడు నాలుగు నగరాల్లో ఆస్తులు కూడబెట్టి ఉంటాడు. అతని దగ్గర లేనిది ఇంకొకడి విధేయత ఒక్కటే. చిన్న సాయం చేస్తే ట్రివియల్ బూన్. కాస్త పెద్దదైతే మైనర్. మీకోసం తను గట్టిగా నష్టపోతే మేజర్. ప్రాణం కాపాడితే లైఫ్ బూన్. బాకీ ఎగ్గొట్టినవాడి పేరు హార్పీ నలుగురిలో చదువుతుంది. ఆ తర్వాత అతనికి ఎవరూ సాయం చేయరు, అతని సాయం ఎవరూ తీసుకోరు. కార్డు మీది మాటలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ప్రిన్స్ కూడా ఈమెతో మర్యాదగా మాట్లాడేది అందుకే.

"మీ సైర్ వరస ఇంకా కొట్టేయలేదు" అంది ఆమె పేజీ తిప్పుతూ. "బిడ్డ పేరు మీద ఏమీ లేదు. శుభ్రంగా ఉంది."

మెచ్చుకుందనుకుంటున్నారా? కాదు. మీకు ఎవరూ బాకీ లేరు. మీరు ఎవరికీ బాకీ లేరు. ఈ గదిలో మీరు రేపు బతికుంటేనేం, లేకపోతేనేం?

పక్కకు వచ్చారు. ఊపిరి పీల్చుకున్నారు. చెవి పక్కనే ఒక గొంతు.

"ఫోను నా దగ్గరుంది."

ఉలిక్కిపడి తిరిగారు. స్తంభం దగ్గర ఉన్నతను. చేతులు ఇప్పుడు ఛాతీ మీద లేవు, పక్కకు వేలాడుతున్నాయి. ఇప్పుడు కనబడుతున్నట్టు లెక్క. మొహానికి ముడతల రబ్బరు మాస్కు, వంకర పళ్లు. నోస్ఫెరాటు వంశం. కాటు పడ్డాక మొహం వికారంగా మారిపోయే వంశం అది. నలుగురిలో తిరగలేరు కాబట్టి నలుగురి రహస్యాలూ ఏరుకుని, అమ్ముకుని బతుకుతారు.

"వికర్ పార్కు వీడియో. నలభై సెకన్లు. మొహం స్పష్టంగా ఉంది."

మీ నోరు ఎండిపోయింది. ఆరు సంప్రదాయాల్లో మొదటిది మాస్కరేడ్. మనమున్నామన్న సంగతి మనుషులకు తెలియకూడదు. ఆట పేరే అది. ఫోన్లు జేబుల్లోకి వచ్చాక దాన్ని కాపాడుకోవడం ఎంత కష్టమైందో చూస్తున్నారుగా. మొదటి సంప్రదాయం తప్పారు, ఐదోదీ తప్పారు. శిక్ష ఏమిటో అడగనక్కర్లేదు.

"ఏం కావాలి?"

"మైనర్. ఫోను ఇప్పుడే పగలగొడతాను."

మైనర్ అంటే చౌకే. ఒప్పుకున్నారు. అతను హార్పీ వైపు తల తిప్పాడు. "పద, రాయిద్దాం."

ఆలోచించుకోండి. రాయిస్తే ఈ క్షణం నుంచి అందరికీ తెలుస్తుంది. వచ్చిన గంటలోనే నోస్ఫెరాటుకు బాకీ పడ్డాడట, ఏం దాచడానికో? ఒక్కసారి అడగడం మొదలుపెడితే ఆగరు. రాయించకపోతే పరువు నిలుస్తుంది.

"రాయించొద్దు. నోటిమాట చాలు" అన్నారు.

అతను మిమ్మల్ని ఒక్క క్షణం చూశాడు. మాస్కు వెనక కళ్లలో ఏదో మెరిసింది. "నీ ఇష్టం."

ఫోను కింద పడేసి బూటు కాలితో తొక్కాడు. ఆటలో తొక్కినట్టు లెక్క, అది నిజానికి అట్టముక్క. అట్ట నలిగిన చప్పుడు. పని అయిపోయింది. అతను జనంలో కలిసిపోయాడు. మీ గుండె బరువు దిగింది. పండ్లరసం తెచ్చుకున్నారు. చల్లగా ఉంది. ఎవరో బ్రూహా కుర్రాడు వచ్చి పేరు అడిగాడు. నవ్వారు. ఫరవాలేదు, ఈ ఆట మీకు చేతనవుతుంది.

టేబుల్ మీద ఎవరో రెండుసార్లు కొట్టారు.

గది నిశ్శబ్దమైంది.

షెరీఫ్. ప్రిన్స్ తరఫున కండబలం చూపించేది ఇతనే. ఆరడుగులకు పైన మనిషి. గది మధ్యకు వచ్చాడు.

"వికర్ పార్కులో ఎవరో వేటాడారు. మూడు రాత్రుల కిందట. ప్రభువు అనుమతి లేకుండా."

గ్లాసు పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి. ఎలా తెలిసింది? ఫోను పోయిందిగా?

హార్పీ వైపు చూడండి. ఆమె రాస్తోంది. కొత్త వరస. చివరి అక్షరాలు కనబడుతున్నాయి. ఎవరు: షెరీఫ్. ఎవరికి: నోస్ఫెరాటు. ఎంత: మైనర్.

అర్థమైందా?

మీ బాకీ రాయించి ఉంటే అతను మిమ్మల్ని అమ్మేవాడు కాదు. అమ్మితే బాకీ పడ్డ మనిషిని ముంచాడన్న పేరు పుస్తకంలో పడేది. అతని సరుకు ఇంకెవరూ కొనేవాళ్లు కాదు. రాసిన బాకీ మిమ్మల్ని మాత్రమే కట్టేయదు, ఇచ్చినవాణ్ణీ కడుతుంది. మీరు పరువు కోసం ఆ తాడు కోసేశారు. అతను మీ దగ్గర ఒక మైనర్, షెరీఫ్ దగ్గర ఇంకో మైనర్ దండుకున్నాడు. రెండోది మాత్రం రాయించుకున్నాడు.

షెరీఫ్ నడుస్తున్నాడు. మీ వైపే.

జనం పక్కకు తప్పుకుంటున్నారు. మీ చుట్టూ ఖాళీ. ఇందాకటి బ్రూహా కుర్రాడు ఎటో చూస్తున్నాడు.

షెరీఫ్ ఆగాడు. జానెడు దూరం. ముట్టుకోడు. ఈ ఆటలో ఎవరూ ఎవరినీ ముట్టుకోకూడదు. అతని ఊపిరి మీ నుదుటికి తగులుతోంది.

"నువ్వేనా?"

వెనకనుంచి ఒక వెంట్రూ కుర్రాడి గొంతు. "ఆ పారిపోయిన కుక్క పిల్లే కదా. ఇంకెవరు?"

నవ్వులు.

మీ చెవుల్లో రక్తం. స్టోరీటెల్లర్ అప్పటికే పక్కకు వచ్చేశాడు. పిడికిలి ముందుకు చాచాడు. బ్రూహా రక్తానికి శాపం ఉంది. అవమానం తట్టుకోలేదు. లోపలి మృగం లేస్తుంది. నిగ్రహ పరీక్ష. ఓడితే మీ పాత్ర వాడి గొంతు పట్టుకుంటుంది. ఎలీసియంలో. ప్రిన్స్ ముందు. అంతే సంగతులు.

రాయి. కాగితం. కత్తెర.

చెయ్యి చాచండి.

మీది రాయి. అతనిదీ రాయి.

సమం. సమమైతే బలం లెక్క. "నిగ్రహం ఎంత?" "నాలుగు." "కావలసింది నాలుగు." అతను తలూపి వెనక్కి తగ్గాడు.

మృగం కూచుంది. మీరు కదల్లేదు. వెంట్రూ కుర్రాడి నవ్వు ఆగిపోయింది.

"అడిగాను" అన్నాడు షెరీఫ్.

కాదంటారా? నోస్ఫెరాటు సాక్ష్యం చెబుతాడు. అబద్ధం బయటపడుతుంది. అవునంటారా? ప్రిన్స్ వేలెత్తితే బ్లడ్ హంట్. ఊళ్లో ప్రతివాడికీ మిమ్మల్ని చంపే హక్కు వస్తుంది. పారిపోతారా? తలుపు పాతిక అడుగుల దూరం.

తలుపు పక్కన తోలు జాకెట్ ఆవిడ.

ఆమె గోడ వదిలి ముందుకు వచ్చింది. ఒక్క అడుగు. రెండు. జనం దారి ఇచ్చారు. షెరీఫ్ కూడా.

"వికర్ పార్కు ఎవరి ఇలాకా?" ప్రిన్స్‌ని అడిగింది. గొంతు పెంచలేదు.

ఆమె ప్రిమోజెన్. బ్రూహాల పెద్ద. ప్రిన్స్ సభలో వంశానికొక పెద్ద కూచుంటారు, బ్రూహాల తరఫున ఈమె. ఆ పేట ఆమెది. రెండో సంప్రదాయం ఇలాకా: ఎవరి హద్దులో వాళ్లే రాజు.

"నీది" అన్నాడు ప్రిన్స్.

"అక్కడ వేటాడమని ఈ బిడ్డకు నేనే చెప్పాను. నా దగ్గరికి ముందు వచ్చింది."

అబద్ధం. పచ్చి అబద్ధం. మీరామెకు నమస్కారమైనా పెట్టలేదు. ఆ సంగతి ప్రిన్స్‌కు తెలుసు. షెరీఫ్‌కు తెలుసు. హార్పీ కలం ఆగిపోయింది.

గదిలో ఎవరూ కదలడం లేదు.

చూడండి, ఇప్పుడు ప్రిన్స్ చేతిలో ఏముందో. ఆమె అబద్ధమాడిందని అనాలి. అనగలడా? ఆమె కార్డు మీద ట్రస్ట్‌వర్తీ అని ఉంది. ఆ మాట రాసింది అతనే. ఇప్పుడు దాన్ని కొట్టేస్తే, ఇన్నాళ్లూ అబద్ధాలకోరును నమ్మానని నలుగురిలో ఒప్పుకున్నట్టే. బ్రూహాలంతా ఒక్కసారిగా అతనికి దూరమవుతారు. ఒక నియోనేట్ కోసం అంత ఖర్చా? సాక్ష్యం చెప్పాల్సిన ఫోను చూస్తే బూటు కింద నలిగిపోయి ఉంది.

ఎనిమిదో తరం రక్తం. ఊరంతా అతని మాట. అయినా ఒక్క విశేషణం అతని నోరు కట్టేసింది.

"అలాగైతే సరే" అన్నాడు. గ్లాసు అందుకున్నాడు.

షెరీఫ్ వెనక్కి తగ్గాడు. మాటలు మళ్లీ మొదలయ్యాయి. మీ మోకాళ్లు వణుకుతున్నాయి. వణకనివ్వండి, ఎవరూ చూడ్డం లేదు. ఆమె మాత్రం ఇంకా అక్కడే ఉంది, ఎదురుచూస్తోంది.

ఏం చేయాలో ఈసారి మీకు తెలుసు. హార్పీ దగ్గరికి నడవండి. అందరికీ వినబడేలా చెప్పండి.

"రాయండి. నేను, ఆవిడకు. లైఫ్."

నీలం సిరా. మూడు గళ్లు నిండాయి. హార్పీ చల్లగా నవ్వింది. "ఇందాక శుభ్రంగా ఉందన్నాను" అంది.

ఇప్పుడు గదిలో ఏం జరుగుతోందో గమనించండి. బ్రూహా కుర్రాడు తిరిగొచ్చాడు. కుక్క పిల్ల అన్న వెంట్రూ కుర్రాడు గ్లాసు కాస్త ఎత్తి తల వంచాడు. ప్రేమ కాదు. లెక్క. ప్రిమోజెన్ ప్రాణబాకీ మీ మీద ఉంది. మీరు చస్తే ఆ బాకీ పోతుంది. అంటే మీకేమైనా అయితే ఆమె సొమ్ము పోయినట్టు. ఇందాక మీ మీద ఎవరికీ ఏ హక్కూ లేనప్పుడు మీ ప్రాణానికి విలువ లేదు. ఇప్పుడు ఆమెకు బాకీ పడ్డారు కాబట్టి ఆమె నీడ మీ మీద ఉంది. కార్డు మీద మాట ఒక్కటే, మారలేదు. మీ ధర మారింది.

ఇంకో పని మిగిలింది. హార్పీ చెవి దగ్గరికి వంగండి. నోస్ఫెరాటు నోటిమాట మీద మైనర్ పుచ్చుకుని, ఆ మనిషినే షెరీఫ్‌కు అమ్మాడని చెప్పండి. రుజువు లేదు, ఆమె రాయలేదు. రాయక్కర్లేదు. తెల్లారేలోపు పది మందితో అంటుంది. వచ్చేసారి అతను ఎవరికైనా రహస్యం అమ్మబోతే వాళ్లు ముందు పుస్తకం దగ్గరికి పదమంటారు. అతను స్తంభం దగ్గరికి వెళ్లి మళ్లీ చేతులు ఛాతీ మీద కట్టుకున్నాడు. మీ వైపే చూస్తున్నాడు. మీ పాత్రకు కనబడడు కాబట్టి మీరు చూడనట్టే ఉండండి.

ప్రిమోజెన్ మీ పక్కనుంచి వెళ్తూ ఆగింది. "బూట్లు తుడుచుకో" అంది. అంతకు మించి ఒక్క మాట లేదు.

లైఫ్ బూన్ ఎప్పుడు అడుగుతుందో ఆమె ఇష్టం. వచ్చే ఆటలో అడగొచ్చు, రెండేళ్ల తర్వాత అడగొచ్చు. ప్రిన్స్ కుర్చీ మీద ఆమెకు కన్నుందని కుర్రాడు గుసగుసగా చెప్పాడు. అదే నిజమైతే ఆమె అడగబోయేది చిన్న పని కాదు. కాదనే హక్కు మాత్రం మీకు లేదు. కాదంటే అక్నాలెడ్జ్‌డ్ అన్న ఆ ఒక్క మాటా కొట్టేస్తారు. ఆ తర్వాత మిమ్మల్ని ఏం చేసినా అడిగేవాళ్లుండరు.

వచ్చే శనివారానికి అరగంట ముందే రండి. ప్రిన్స్‌కు కనబడండి, ఆ వెంటనే ఆమెకు నమస్కారం పెట్టండి. ఎవరికి ఎవరు బాకీయో హార్పీ దగ్గర విని తెలుసుకోండి. ఇకపై మీరు ఇచ్చినా, పుచ్చుకున్నా, ట్రివియలే అయినా సరే, రాయించండి.